చేయి పోయినవానికి చెల్లవలసిన బాకీ

మన సంఘము సమావేశమైనపుడెల్ల తెలుగు బడుల గూర్చియు, పిల్లల విద్యార్థి వేతనముల గూర్చియు, కల్యాణమంటపము మరమ్మతుల గూర్చియు చర్చించుచున్నాము. ఇవి యన్నియు అవసరములే. కాని నేను సభ్యుడనైన యిరువది యేండ్లలో ఒక్క విషయము మాత్రము చర్చకు వచ్చుట చూడలేదు. యంత్రము వద్ద పనిచేయుచు వ్రేలో, కన్నో, చేయియో పోగొట్టుకొన్న మనవాని గతి యేమి? అతనికి న్యాయముగా రావలసిన దేమి? దాని నిప్పించు భార మెవరిది? ఈ మూడు ప్రశ్నలను సోదరీ సోదరుల యెదుట నుంచవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను న్యాయవాదిని గాను. పదవ తరగతితో చదువు ముగించి, తండ్రిగారి నూలు వ్యాపారమునకు వచ్చినవాడను. షోలాపురములో సాంచెలు నడుపు ఆసాములకు నూలు అరువిచ్చి, వారు అమ్ముకొన్నపుడు వసూలు చేసికొని బ్రతుకుచున్నాను. వారికి నష్టము వచ్చిన నాకును నష్టమే. కావున నేను ఆసాముల పగవాడనని యెవరును తలంపరాదు. నా బంధువులలో సగముమంది ఆసాములు. తక్కిన సగముమంది వారియొద్ద పనిచేయువారు. ఈ వ్యాసము వ్రాయుట కష్టమైనదియు అందుచేతనే.

2021లో జరిగిన సంగతి. ఆరు సాంచెలు గల యొక కొట్టములో మన కుఱ్ఱవాడొకడు పనిచేయుచుండెను. వయస్సు ముప్పది, నెలకు పండ్రెండువేల జీతము. ఒకనాటి రాత్రి పాళీలో, నడుచుచున్న సాంచె పళ్లచక్రముల మధ్య చిక్కిన దూదిపీచును తీయబోగా కుడిచేతి బొటనవ్రేలు మొదలంట తెగిపోయెను. ఆసామి అతనిని వెంటనే ఆసుపత్రికి చేర్చి, ఖర్చంతయు తానే పెట్టుకొనెను. అంతవరకు మెచ్చదగిన పనియే. రెండు నెలల తరువాత పెద్దమనుషులను పిలిచిరి. వారిలో నేనొకడను. నలువది వేలిచ్చునట్లు తీర్మానించితిమి. అందులో పాత బాకీ ముప్పది వేలు మినహాయించుకొని, చేతికి పదివేలిచ్చిరి. మరాఠీలో వ్రాసిన కాగితమొకటి ముందు పెట్టిరి.

"కాకా, ఇందుల ఏం రాసిండ్రు?" అని ఆ కుఱ్ఱవాడు నన్నడిగెను.

"ఏం లేదురా, నీకు పైసలు ముట్టినయని రాసిండ్రు. మనోడే గద, మనం చూసుకోమా?" అని ఆసామియే బదులు చెప్పెను.

కుడి బొటనవ్రేలు లేదు గనుక ఎడమచేతి వ్రేలిముద్ర వేయించిరి. ఇకమీదట తనకెట్టి హక్కును లేదనియు, ఎచ్చటను దావా వేయననియు ఆ కాగితములో నుండెను. నేను చదివితిని. చదివియు సాక్షి సంతకము చేసితిని. ఇరుపక్షములను రాజీ చేసితినన్న సంతృప్తితో ఇంటికి వచ్చి భోజనము చేసితిని.

ఏడాదికి పైగా గడచిన పిదప ఆ కుఱ్ఱవాడు నా కొట్టుకు వచ్చెను. కోపముతో రాలేదు, కాపలా పని యేదైన నున్నదా యని యడుగ వచ్చెను. బొటనవ్రేలు లేని చేతితో తెగిన పోగు ముడివేయుట సాధ్యము గాదు గదా. న్యాయశాస్త్రము చదువుచున్న మా తమ్ముని కుమార్తె అప్పుడు కొట్టులోనే యుండెను. అతని కథ విని, కాగితము తెప్పించి చదివి, "పెదబాపూ, దీనిమీద నువ్వెట్ల సంతకం పెట్టినవే?" అని యడిగెను. నాయొద్ద సమాధానము లేకపోయెను.

ఆమె చూపిన లెక్కను పాఠకుల కొరకు ఇక్కడ వ్రాయుచున్నాను. మన దేశమున పనివారి నష్టపరిహారపు చట్టము 1923లో వచ్చినది. పనిచేయుచుండగా పనివలన గాయపడినవానికి యజమాని పరిహార మీయవలెననుట దాని మూలసూత్రము. శాశ్వతముగా పూర్తి అశక్తుడైనచో, నెల జీతములో నూటికి అరువది వంతు తీసికొని, వయస్సును బట్టి చట్టమే నిర్ణయించిన సంఖ్యతో గుణింపవలెను. ముప్పది యేండ్లవానికి ఆ సంఖ్య 207.98. పండ్రెండువేల జీతములో అరువది వంతు 7,200 రూపాయలు. గుణించిన 14,97,456 రూపాయలగును. ఇది పూర్తి అశక్తతకు. అవయవము పోయిన యెడల దానికి తగిన వంతు పట్టిక యున్నది. బొటనవ్రేలు పోయిన నూటికి 30, చూపుడు వ్రేలు పూర్తిగా పోయిన 14, నడిమి వ్రేలికి 12, ఒక చేతి నాలుగు వ్రేళ్లు పోయిన 50. ఆ లెక్కన ఈ కుఱ్ఱవానికి రావలసినది 4,49,236 రూపాయలు. మే మిప్పించినది నలువది వేలు. అతని చేతికి వచ్చినది పదివేలు.

ఇరువది యేండ్లుగా నూలు లెక్కలు వ్రాయుచున్నవాడను. పైసా తప్పిన ఒప్పుకొననివాడను. నాలుగు లక్షల యప్పును పదివేలతో చెల్లువేసిన కాగితముమీద సంతకము చేసితిని.

ఆ కాగితమునకు విలువయు లేదు. పనివాడు తన పరిహారపు హక్కును వదలుకొనునట్లు వ్రాసికొన్న యే ఒప్పందమైనను చెల్లదని చట్టము స్పష్టముగా చెప్పినది. రాజీ చేసికొనవలెనన్న, ఆ ఒప్పందమును పరిహారపు కమీషనరునొద్ద నమోదు చేయింపవలెను. మొత్తము చాలదని తోచినను, మోసముచే పొందినదని తోచినను ఆయన దానిని నిరాకరింపవచ్చును. పాత బాకీని పరిహారములో తగ్గించుకొనుట కూడ చెల్లదు. ఆ సొమ్ము జప్తునకు గాని, ఎదురు బాకీలకు గాని లోబడదు. మృతి సంభవించిన యెడల యజమాని పరిహారమును కుటుంబమునకు తన చేతితో నిచ్చుట చాలదు, కమీషనరునొద్ద జమకట్టవలెను. దుఃఖములో నున్న విధవరాలి చేతిలో నాలుగు నోట్లు పెట్టి వ్రేలిముద్ర తీసికొనుట మన వాడలలో జరుగుచునే యున్నది గనుక ఈ మాటను అందరును జ్ఞాపక ముంచుకొనవలెను.

"వాడు నడుచుచున్న సాంచెలో చేయి పెట్టినాడు, అది వాని తప్పు గాదా?" అని ఆసాములు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. దానికి చట్టము సమాధానము చెప్పియే యున్నది. పనివాడు మత్తులో నున్నను, భద్రత కొరకు పెట్టిన ఆజ్ఞను బుద్ధిపూర్వకముగా ధిక్కరించినను, కాపుగా పెట్టిన కవచమును బుద్ధిపూర్వకముగా తొలగించినను యజమాని బాధ్యుడు కాడు. అట్టి సందర్భమునందైనను మృతికిగాని, శాశ్వతమైన పూర్తి అశక్తతకుగాని ఈ మినహాయింపు వర్తింపదు. కేవలము ఏమరుపాటు పరిహారమును హరింపదు.

ఏమరుపాటు ఎచ్చటినుండి వచ్చుచున్నదో ఆలోచింతము. మనవారిలో అనేకులకు కూలి మీటరు లెక్క. పీచు తీయుటకు సాంచె నాపిన కూలి తగ్గును. అందుచేత నడుచుచుండగనే చేయి పెట్టుదురు. చక్రములపై నుండవలసిన రేకు మూత, తీసి వేయుట కడ్డమని జాబరు ఏనాడో విప్పి మూలపెట్టెను; ఆసామి చూచియు ఊరకుండెను. నాడె ఎగిరి కంటికి తగులకుండ నుండవలసిన కడ్డీ విరిగినది, మరల వేయలేదు. పండ్రెండు గంటల పాళీ, చెవులు చిల్లులుపడు చప్పుడు, అర్ధరాత్రి నిద్ర. ఇన్ని కారణములు కూడిన పిదప తప్పును ఒక్క వ్రేలిమీద మోపుట ధర్మమా? తిరిగెడు భాగములకు కంచె వేయవలెనని 1948 నాటి కర్మాగారముల చట్టమే విధించెను. స్త్రీలచేతను, పిన్నవారిచేతను నడుచుచున్న యంత్రమును తుడిపింపరాదని యందే కలదు. మన కొట్టములలో దీనిని పాటించిన వారెందరు?

ఇప్పుడు చట్టములు మారినవి. 2025 నవంబరు 21 నుండి కొత్త కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. 1923 నాటి పరిహారపు సూత్రములు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో ఏడవ అధ్యాయముగ చేరినవి. కర్మాగార మనుటకు విద్యుచ్ఛక్తి గలచోట పూర్వము పదిమంది పనివారుండిన చాలును; ఇప్పుడా సంఖ్య యిరువది. అనగా చిన్న కొట్టములకు తనిఖీ అధికారి వచ్చుట మరింత అరుదగును. కాని పరిహారపు హక్కు ఈ సంఖ్యపై ఆధారపడి లేదు. కరెంటుతో సరకు తయారగు చోట పనిచేయువాడు ఒక్కడే యైనను అతనికి ఆ హక్కు గలదు. "మాది చిన్న కొట్టము, మాకు చట్టము లేదు" అను మాట నిజము కాదు.

పదిమందికి తక్కువ గాని పనివారున్నచోట కార్మిక రాజ్య బీమా, అనగా మనవారు ఈఎస్ఐ యనునది, ఉండవలెను. 2019 జూలై నుండి అమలులోనికి వచ్చినట్లు యజమాని నూటికి మూడుంబావు, పనివాడు నూటికి ముప్పావు చెల్లింతురు. అది యున్నచో పనిలో గాయపడినవానికి చికిత్సయు, జీతములో నూటికి తొంబది వంతు చొప్పున అశక్తతా భృతియు బీమాయే యిచ్చును. యజమానిపై పరిహారపు భారముండదు. అయినను పండ్రెండుగురు పనివారిని భార్య పేర ఆరుగురు, తమ్ముని పేర ఆరుగురుగ విడదీసి వ్రాసి, బీమా తప్పించుకొన్నామని సంతోషించువారు కలరు. వారు తప్పించుకొన్నది ఒక్కొక్క పనివానికి నెలకు కొన్ని వందలు. నెత్తి కెత్తుకొన్నది లక్షల భారము. వ్యాపారి దృష్టితో చూచినను ఇది తెలివైన బేరము గాదు.

ఇక ఆసాముల పక్షమున చెప్పదగిన మాట చెప్పెదను. ఆరు సాంచెల ఆసామి ధనికుడు కాడు. అతడును అప్పుతో సాంచెలు కొన్నవాడే. నూలు ధర ఒకచోట, గుడ్డ ధర మరియొకచోట నిర్ణయమగుచుండ నడుమ నలుగువాడే. నేను చెప్పిన వ్యవహారములో ఆ కుఱ్ఱవాడు రెండేండ్ల గడువు దాటకముందే జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థ ద్వారా ఉచితముగ వకీలును పొంది, కమీషనరునొద్ద దరఖాస్తు పెట్టెను. తుదకు ఆసామి ఒప్పుకొని, ముందిచ్చినది పోగా మిగిలిన సొమ్మును జమకట్టెను. అందుకొరకు రెండు సాంచెలు అమ్ముకొనెను. నేను ఆ కుఱ్ఱవాని పక్షమున సాక్ష్యము చెప్పుటకు సిద్ధపడినందున, ఆ నాటినుండి అతడు నా కొట్టు మెట్లెక్కలేదు. వరుసకు నాకు బావ. మొన్న మా యింట పెండ్లికిని రాలేదు. అతని బాధ నాకు తెలియును. ఆ బాధ కంతకును మూలము, అతడు పరిహారపు బీమా తీసికొనకపోవుటయే.

నూలు బేళ్లకు అగ్ని బీమా చేయించుదుము. లారీకి చేయించుదుము. ఆ బేళ్లను గుడ్డగా మార్చు చేతులకు మాత్రము చేయింపము. యజమాని పరిహార బాధ్యతకు సాధారణ బీమా సంస్థలు పాలసీల నిచ్చుచున్నవి. అట్టి పాలసీ యుండిన, ఆ కుఱ్ఱవానికి సొమ్ము నెలలో వచ్చెడిది. మా బావకు సాంచెలు మిగిలెడివి. మా బంధుత్వము నిలిచెడిది. ఆలస్యము చేసిన నష్టమును తెలియవలెను. పరిహారము చెల్లింపవలసిన నాటినుండి నెల దాటిన నూటికి పండ్రెండు వడ్డీ. తగిన కారణము లేనిచో అసలులో సగము వరకు జరిమానా కూడ విధింపవచ్చును.

పట్టికలోని వంతులే తుదిమాట కావని కూడ తెలిసికొనవలెను. ఒడిశాకు చెందిన యొక వడ్రంగి పనిలో పడి ఎడమచేయి పోగొట్టుకొన్న వ్యాజ్యములో సుప్రీంకోర్టు 1975లో తీర్పు చెప్పుచు, ఒంటిచేతితో వడ్రంగము సాధ్యము గాదు గనుక అతని నష్టమును పూర్తి అశక్తతగా నెంచుట సరియేయని నిర్ణయించెను. పరిహారము ప్రమాదము జరిగిన నాటినుండియే బాకీ పడునని కూడ నందు చెప్పబడినది. ఏ వృత్తివానికి ఏ యవయవము జీవనాధారమో చూచుట న్యాయమన్నమాట. నేతగానికి బొటనవ్రేలెంతటిదో నేతగాండ్ర బిడ్డలమైన మనకు వేరుగ చెప్పవలెనా?

ఇప్పుడు మన సంఘమునకు ముఖ్యమైన భాష విషయము. పరిహారపు హక్కులను ఉద్యోగములో చేరినపుడే పనివానికి వ్రాతమూలకముగా తెలుపవలెనని 2017లో చట్టమును సవరించిరి. ఇంగ్లీషునగాని, హిందీయందుగాని, ఆ ప్రాంతపు అధికార భాషయందుగాని, పనివానికి తెలియునట్లు చెప్పవలెననిరి. మంచి సవరణయే. కాని తెలుగు మాత్రమే చదువనేర్చిన మన ముసలివానికి, నిన్న మొన్న పాలమూరునుండి వచ్చిన కుఱ్ఱవానికి, ఏ అక్షరము రాని మన ఆడపడుచునకు ఆ మూడు భాషలలో నేది తెలియును? 1948 నాటి చట్టము నోటీసులను ఇంగ్లీషునందును, ఆ కర్మాగారములో ఎక్కువమందికి తెలిసిన భాషయందును పెట్టవలెననెను. ఎక్కువమంది తెలుగువారున్న చోట్ల గోడపై తెలుగు పలక వ్రేలాడవలసియుండెను. మనము అడుగలేదు, వారు పెట్టలేదు. మన రాజ్యాంగములోని 350వ అధికరణము ప్రకారము, ఏ వ్యక్తియైనను తన కష్టమును గూర్చిన వినతిపత్రమును, ఆ రాష్ట్రమున వాడుకలోనున్న యే భాషలోనైనను అధికారికి సమర్పింపవచ్చును. తెలుగులో వ్రాసిన విన్నపమును తీసికొననని త్రిప్పి పంపు అధికారము ఎవరికిని లేదు. భాషా మైనారిటీలమని మనము చెప్పుకొనుట కవిసమ్మేళనములకే గాక ఇట్టి దినమునకు కూడ నక్కరకు రావలెను.

గాయము తగిలిన దినమున చేయవలసిన పనులను క్లుప్తముగ చెప్పెదను. ఆసుపత్రి చీటీలో గాయము పనిచేయుచుండగా యంత్రమువలన కలిగెనని స్పష్టముగ వ్రాయింపవలెను. "ఇంట జారిపడినాడు" అని వ్రాయింప నీయరాదు. యజమానికి ప్రమాదమును గూర్చి వ్రాతమూలకముగా తెలిపి, నకలు దాచుకొనవలెను. తోడి పనివారిలో ఇద్దరి పేర్లు వ్రాసికొనవలెను. జీతమునకు సాక్ష్యముగ చీటీలు, బ్యాంకు పుస్తకము భద్రపరుపవలెను. మందుల రసీదులను పారవేయరాదు. చికిత్సకైన ఖర్చు వేరుగ రావలసినదే. పనిచేయలేని దినములకు పదునైదు దినముల కొకసారి నెల జీతములో నాలుగవ వంతు భృతి కలదు. వకీలు ఖర్చుకు వెరవరాదు. 1987 నాటి న్యాయసేవల చట్టము పారిశ్రామిక కార్మికునకును, స్త్రీలకును ఉచిత న్యాయసహాయ మేర్పరచినది. గడువు రెండేండ్లని మరువరాదు.

సంఘమునకు నా ప్రార్థన లివి. ఒకటి, ఈ సంగతులను సులభమైన తెలుగులో ఒక్క పుటకు కుదించి అచ్చువేయించి ప్రతి కొట్టమునందును అతికింపవలెను. అచ్చుఖర్చు నేను భరించెదను. రెండు, చిన్న ఆసాములందరిని కూర్చి పరిహారపు బీమా చేయించుటకు మన కార్యవర్గము పూనుకొనవలెను. ఒక్కొక్కరుగ పోయినదానికంటె కలిసి పోయిన మాట చెల్లును. మూడు, మన పెద్దలెవరును కమీషనరునొద్ద నమోదు కాని రాజీ కాగితములపై సాక్షి సంతకము చేయబోమని తీర్మానింపవలెను. ఆ తీర్మానము క్రింద మొదటి సంతకము నాది.

ఇది షోలాపురపు సాంచెలకే చెందిన మాట కాదు. భివండీ కొట్టములందును, కోయంబత్తూరు మిల్లులందును, బెంగుళూరు కార్ఖానాల అచ్చుయంత్రముల వద్దను, ఒడిశా బియ్యపు మిల్లుల పట్టాల వద్దను మనవారున్నారు. ఊరు వేరైనను, యంత్రము వేరైనను న్యాయమొక్కటే.

ఆసామియు మనవాడే, పనివాడును మనవాడేయని తరచు చెప్పుకొందుము. నిజమే. మనవాడైనంత మాత్రమున నూలు బాకీని నేను వదలుచున్నానా? లేదు, మనవాడు గనుకనే లెక్క మరింత సరిగా నుండవలెనందుము. వ్రేలు పోయినవాని బాకీయు అట్టిదే. ఆ కుఱ్ఱవాడిప్పుడు పరిహారపు సొమ్ముతో చిన్న కిరాణా కొట్టు పెట్టుకొన్నాడు. ఎడమచేతితో లెక్కలు వ్రాయుట నేర్చుకొన్నాడు. నేను దారిన పోవునపుడు "కాకా, చాయ్ తాగి పో" అని పిలుచును. నేను త్రాగుదును. కాని ఆ కాగితముమీది నా సంతకము జ్ఞప్తికి రాకుండ ఏనాడును త్రాగలేదు.